ఫలితాల రోజు రద్దీని దాడిగా పొరబడని యంత్రం కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

ప్రభుత్వ సేవల వెబ్‌సైట్లను, ప్రవేశాల పోర్టళ్లను దొంగ రద్దీ పుట్టించి సేవలను స్తంభింపజేసే డీడాస్ దాడుల నుంచి కాపాడటానికి మెషీన్ లెర్నింగ్‌తో, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాములతో, పనిచేసే వ్యవస్థలను సమకూర్చుకోవాలన్న మాట ఇటీవల మన నగరంలో తరచుగా వినిపిస్తోంది. దాదాపు మూడు దశాబ్దాలు నెట్‌వర్క్ కంట్రోల్ రూముల్లో షిఫ్టులు చేసి రిటైరైన ఇంజనీరుగా ఆ ప్రయత్నం ఫలించాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. అయితే అమ్మేవాళ్లు చూపించే 99.9 శాతం కచ్చితత్వం అన్న అంకెను నమ్మి సంతకాలు పెట్టే ముందు మన అధికారులు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. అది ఎవరూ అడగడం లేదన్న ఆవేదనతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇంటర్ ఫలితాలు విడుదలైన మొదటి గంటలో, ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్ల చివరి సాయంత్రం, ఈ యంత్రం ఎంతమంది అసలైన విద్యార్థులను దాడి చేసేవాళ్లుగా లెక్కగట్టి గుమ్మం బయటే ఆపేస్తుంది?

ఈ ప్రశ్న నాకు ఊహలోంచి పుట్టినది కాదు. కొన్నేళ్ల క్రితం ప్రవేశాల పోర్టల్ ఒకటి నడిచే డేటా సెంటర్‌లో నేను పనిచేశాను. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే ఆ పొరపాటు ఎక్కడైనా జరగగలిగేదే. ఆ ఏడాది కొత్తగా తెచ్చిన రక్షణ వ్యవస్థ, వచ్చే ట్రాఫిక్‌ను నిమిషానికోసారి పరిశీలించి, దాడి అని తనకు తోచిన ఇంటర్నెట్ (ఐపీ) అడ్రస్‌లను మనిషి ప్రమేయం లేకుండా తానే ఆపేసేది. ఆప్షన్ల గడువు ముగిసే రోజు సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో తెర మీద గీత నిట్టనిలువుగా లేచింది. మరో రెండు నిమిషాల్లో అంతే వేగంగా కిందికి దిగింది. దాడిని ఆపేశామని గదిలో కొందరు చప్పట్లు కూడా కొట్టారు. ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్ల నుంచి, హాస్టళ్ల నుంచి, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఊళ్ల నుంచి వరసగా వచ్చాయి. "సార్, సైట్ తెరుచుకోవడం లేదు, మా పాప ఒకటే ఏడుస్తోంది, గడువు ఇవాళే కదా సార్" అని ఒక తండ్రి అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

రాకపోకలు నమోదయ్యే లాగ్‌లు తెరిచి చూస్తే, ఆపేసిన అడ్రస్‌లలో ఎక్కువ భాగం మొబైల్ కంపెనీలవి. పాత పద్ధతి ఐపీ అడ్రస్‌లు అందరికీ సరిపడా లేకపోవడం వల్ల మొబైల్ కంపెనీలు ఒక్కొక్క అడ్రస్‌ను వందల మందికి, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ మందికి కలిపి వాడతాయి. ఒకే అడ్రస్ నుంచి నిమిషానికి అన్నేసి రిక్వెస్టులు రావడం యంత్రానికి దాడిగా కనిపించింది, కానీ ఆ అడ్రస్ వెనుక ఉన్నవాళ్లు రకరకాల ఊళ్ల పిల్లలు. హాస్టల్ వైఫై సంగతీ అంతే. ఆ అడ్డును తొలగించి, మళ్లీ పడకుండా చూసుకునేసరికి మాకు నలభై నిమిషాలు పట్టింది. గడువును మర్నాటికి పొడిగించారు కాబట్టి పెద్ద నష్టం జరగలేదు. ఆ రోజు బయటి నుంచి దాడి అన్నదే జరగలేదని తర్వాత తేలింది. దాడి చేసేవాడు ఏది సాధించాలనుకుంటాడో దాన్ని ఆ సాయంత్రం మా వ్యవస్థే చేసి పెట్టింది.

పాఠకులందరికీ ఈ రంగంతో పరిచయం ఉండకపోవచ్చు కాబట్టి దాడి స్వరూపం కొంచెం చెబుతాను. డీడాస్ దాడిలో ఎవరూ తాళం పగలగొట్టరు, ఏదీ ఎత్తుకుపోరు. మీసేవ కేంద్రంలో పనేమీ లేని కొందరు వరసగా టోకెన్లు తీసుకుంటూ, పిలిచినప్పుడు కౌంటర్ దగ్గరికి రాకుండా ఉంటే, ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం వచ్చిన అసలు మనిషికి సాయంత్రం దాకా వంతు రాదు. ఇంటర్నెట్‌లో రెండు కంప్యూటర్లు సంభాషణ మొదలుపెట్టే ముందు టీసీపీ పద్ధతి ప్రకారం మూడు పలకరింపులు జరగాలి. అటు నుంచి సిన్, ఇటు నుంచి సిన్-ఆక్, మళ్లీ అటు నుంచి ఆక్. మొదటి పలకరింపును మాత్రమే లక్షల సంఖ్యలో దొంగ అడ్రస్‌లతో పంపి, మూడోది పంపకుండా ఊరుకుంటే, ఆ సగంలో ఆగిన సంభాషణలన్నిటికీ చోటు కేటాయిస్తూ పోయిన సర్వర్ చివరికి ఎవరికీ బదులివ్వలేని స్థితికి వస్తుంది. 1996 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని పానిక్స్ అనే ఇంటర్నెట్ సంస్థ సరిగ్గా ఇలాంటి దాడితోనే కొన్ని రోజులు సతమతమైంది. ఆ ఏడాదే డేనియల్ బెర్న్‌స్టైన్ సూచించిన సిన్ కుకీల పద్ధతి దీనికి విరుగుడుగా వచ్చింది. మూడో పలకరింపు అందేదాకా సర్వర్ ఏమీ గుర్తుపెట్టుకోనక్కర లేకుండా చేసే చిన్న గణితం అది. నేటికీ లినక్స్ సర్వర్లలో ఉంది, దానికి రూపాయి ఖర్చు లేదు. కాబట్టి ఎవరైనా ఇలాంటి సిన్ వరదను పట్టుకునే మోడల్, అంటే మెషీన్ లెర్నింగ్ ప్రోగ్రాము, అంటూ లక్షల రూపాయల అంచనాతో వస్తే, ముందు ఆ సెట్టింగ్ ఆన్ చేసి ఉందో లేదో చూసుకోవాలి.

మోడల్ అక్కరకు రాని చోటు మరొకటి ఉంది. 2018 ఫిబ్రవరి 28న ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌హబ్ మీద జరిగిన దాడిలో సెకనుకు 1.35 టెరాబిట్ల (1,350 గిగాబిట్ల) ట్రాఫిక్ వచ్చి పడింది. వెబ్‌సైట్లు తరచుగా వాడే సమాచారాన్ని తాత్కాలికంగా దాచుకునే, నిర్లక్ష్యంగా వదిలేసిన మెమ్‌క్యాష్డ్ సర్వర్లకు చిన్న ప్రశ్న పంపి, దానికి వేల రెట్ల పెద్ద జవాబును బాధితుడి అడ్రస్‌కు మళ్లించడం ఆ దాడి కిటుకు. మన పోర్టళ్లలో ఒకదానికి సెకనుకు 10 గిగాబిట్ల లైను ఉందనుకుంటే, ఆ వరద దానికి 135 రెట్లు. లైనే నిండిపోయినప్పుడు, దాని ఇవతలి కొసన కూర్చున్న మోడల్ దాడిని ఎంత చక్కగా గుర్తుపట్టినా ఒరిగేదేమీ లేదు. 1908లో మూసీ వరద ఈ నగరాన్ని ముంచెత్తిన తర్వాత, వరదను ఆపవలసిన చోటు నగరం నడిబొడ్డు కాదని గ్రహించి ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించారు. ఇలాంటి దాడినీ ఇంటర్నెట్ సంస్థల దగ్గరే, పెద్ద పెద్ద శుద్ధి కేంద్రాల దగ్గరే వడకట్టాలి. గిట్‌హబ్ కూడా ఆ రోజు తన ట్రాఫిక్‌ను అలాంటి సంస్థకు మళ్లించి, నిమిషాల వ్యవధిలో ఊపిరి పీల్చుకుంది.

మరి మెషీన్ లెర్నింగ్ నిజంగా ఉపయోగపడేది ఎక్కడంటే, సమాచారాన్ని మోసే చిన్న ముక్కలైన ప్యాకెట్లన్నీ సవ్యంగా ఉండి, పలకరింపులన్నీ పూర్తయి, వచ్చే రిక్వెస్టు మనిషి పంపినదో యంత్రం పంపినదో విడివిడిగా చూస్తే తెలియని చోట. అక్కడ ఒక్క రిక్వెస్టును కాకుండా ప్రవర్తనను చూడాలి. ఒక అడ్రస్ ఎంత సేపటికి ఎన్ని ప్యాకెట్లు పంపింది, పంపిన దానికీ అందుకున్న దానికీ నిష్పత్తి ఎంత, రెండు రిక్వెస్టుల మధ్య విరామం ఎంత, మొత్తం మీద అడ్రస్‌లు కొన్ని చోట్లే గుమికూడాయా లేక చెల్లాచెదురుగా ఉన్నాయా, ఇలాంటి పదుల కొద్దీ కొలతలను తీసుకుని, దాడి ఉన్న సమయాన్నీ లేని సమయాన్నీ ఉదాహరణలుగా చూపిస్తే, మోడల్ ఆ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలో నేర్చుకుంటుంది. ఈ పనిలో ఎక్కువగా వాడే ర్యాండమ్ ఫారెస్ట్ పద్ధతిలో వందలాది నిర్ణయ వృక్షాలు, అంటే అవును-కాదు ప్రశ్నల వరసలు, తలా ఒక ఓటు వేసి తీర్పు చెబుతాయి. ఇందులో మాయ ఏమీ లేదు. ఏ ఉదాహరణలు చూపిస్తే ఆ గీతే వస్తుంది. నా బాధ అంతా ఆ ఉదాహరణల గురించే.

రిటైరయ్యాక ఒక ఇంజనీరింగ్ కళాశాలకు ఫైనలియర్ ప్రాజెక్టుల వైవాకు బయటి పరీక్షకుడిగా వెళ్లాను. ఆ రోజు నా ముందుకొచ్చిన బృందాల్లో మూడింటికి ఇదే అంశం, మెషీన్ లెర్నింగ్‌తో డీడాస్ దాడుల గుర్తింపు. మూడింటిలోనూ 99 శాతం పైనే కచ్చితత్వం, మూడింటికీ ఆధారం కేడీడీ కప్ 99 అనే డేటాసెట్ లేదా దాని సవరించిన రూపం. అమీర్‌పేట్ మైత్రీవనం చుట్టుపక్కల ప్రాజెక్టు సెంటర్లలో ఈ అంశం తయారుగా దొరుకుతుందని తెలియనివాళ్లు ఈ నగరంలో తక్కువే. నేను పిల్లలను తప్పుపట్టడం లేదు. వాళ్లకు అంతకన్నా మంచి డేటాను మనం ఎవరం ఇవ్వలేదు.

ఆ డేటా ఏమిటో చూడండి. అమెరికా వైమానిక దళపు స్థానిక నెట్‌వర్క్‌ను అనుకరిస్తూ ఎంఐటీ లింకన్ ల్యాబొరేటరీ 1998లో కృత్రిమంగా పుట్టించిన ట్రాఫిక్ అది. మన హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన ఏడాది అది. అప్పటికి మన చేతుల్లో స్మార్ట్‌ఫోన్ లేదు, ఒక అడ్రస్ వెనుక ఊరంతా ఉండే మొబైల్ నెట్‌వర్క్ లేదు, యూపీఐ లేదు. విద్యార్థులు ఎక్కువగా వాడే పది శాతం నమూనాలో 4,94,021 రికార్డులుంటే, అందులో 2,80,790 స్మర్ఫ్ అనే దాడివి, 1,07,201 నెప్ట్యూన్ అనే సిన్ వరదవి. మామూలు ట్రాఫిక్ 97,278 మాత్రమే. ఏమీ నేర్చుకోకుండా ప్రతి రికార్డునూ దాడి అని చెప్పే మోడల్‌కు కూడా ఈ లెక్కన 80 శాతం మార్కులు వస్తాయి. పైగా ఆ స్మర్ఫ్ దాడికి ప్రాణాధారమైన బ్రాడ్‌కాస్ట్ సదుపాయాన్ని, అంటే ఒక్క సందేశాన్ని నెట్‌వర్క్‌లోని యంత్రాలన్నిటికీ చేరవేసేదాన్ని, రూటర్లలో ముందే ఆపి ఉంచాలని 1999లోనే ఇంటర్నెట్ ప్రమాణంగా నిర్ణయించారు. నేటి నెట్‌వర్క్‌లో దాదాపు కనుమరుగైన దాడిని గుర్తుపట్టినందుకు సగానికి పైగా మార్కులు పడుతున్నాయన్న మాట. 2009లో ఈ డేటాను శోధించినవాళ్లు మరో లోపం బయటపెట్టారు. శిక్షణకిచ్చిన రికార్డుల్లో దాదాపు 78 శాతం, పరీక్షకిచ్చిన వాటిలో దాదాపు 75 శాతం ఒకదానికొకటి నకళ్లే. వాటిని యథాతథంగా కలిపి, కలగలిపి, మళ్లీ రెండు భాగాలు చేస్తే చదువుకున్న ప్రశ్నలే పరీక్షలో వస్తాయి.

ఇంతకన్నా సూక్ష్మమైన తప్పు ఒకటి ఉంది. అదే ప్రయోగశాల 1999లో తయారుచేసిన మరో డేటాలో, ప్యాకెట్ ఆయుష్షును తెలిపే టీటీఎల్ అనే అంకె 126 గానో 253 గానో ఉంటే అది దాడి ట్రాఫిక్కేనని, మామూలు ట్రాఫిక్‌లో ఆ అంకెలు కనిపించవని 2003లో పరిశోధకులు గమనించారు. ప్రయోగశాలలో దాడి పంపిన యంత్రాల అమరిక వల్ల వచ్చిన గుర్తు అది. దాడి లక్షణానికీ దానికీ సంబంధం లేదు. మోడల్‌కు మాత్రం ఆ తేడా తెలియదు. ఏది తేలికైన గుర్తో దాన్నే పట్టుకుంటుంది. పాత డేటాల్లో మాత్రమే ఇలా జరుగుతుందనుకోవద్దు. కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ విశ్వవిద్యాలయం 2017 జులైలో ఐదు రోజుల పాటు నమోదు చేసిన డేటా కేడీడీ కన్నా ఎన్నో రెట్లు మెరుగైనది. అయినా అందులోని అడ్రస్‌ల నిలువు వరసను తీసేయకుండా శిక్షణ ఇస్తే, మోడల్ దాడి చేసిన యంత్రం అడ్రస్‌నే బట్టీ పట్టి కూర్చుంటుంది. ఆ వైవాలో ఒక అమ్మాయి, మూడు బృందాలలో ఒకదానిలో ఉన్న పిల్ల, తన సొంత ఆలోచనతో ఆ 2017 డేటా మీద కూడా ఒక ప్రయత్నం చేసింది. రికార్డులన్నీ కలగలపకుండా, బుధవారం నాటి దాడులతో నేర్పి, శుక్రవారం నాటి దాడితో పరీక్షించింది. మార్కులు బాగా పడిపోయాయి. ఆ పట్టికను రిపోర్టులో పెట్టవద్దని ఎవరో సలహా ఇచ్చారట, నేను అడిగాక బెరుకుగా చూపించింది. "అమ్మా, ఈ రోజు ఇక్కడ నేను చూసినవాటిలో అసలైన ఫలితం ఇదే" అని చెప్పాను. ఆ బృందానికి ఎక్కువ మార్కులు వేశాను కూడా.

ఇక 99 శాతం అన్న అంకె నిజమే అనుకున్నా ఏమవుతుందో లెక్క వేద్దాం. ఏడాదికి 5,25,600 నిమిషాలు. అందులో మొత్తం మీద ఒక గంట, అంటే 60 నిమిషాలు, పోర్టల్ మీద నిజమైన దాడి జరిగిందనుకుందాం. వ్యవస్థ ప్రతి నిమిషానికీ దాడి ఉందో లేదో చెబుతుంది, దాడి నిమిషాల్లో 99 శాతం పట్టుకుంటుంది, మామూలు నిమిషాల్లో ఒక్క శాతం మాత్రమే పొరబడుతుంది. వినడానికి ఎంతో బాగుంది. కానీ మిగిలిన 5,25,540 నిమిషాల్లో ఒక్క శాతం అంటే 5,255 నిమిషాలు, సుమారు 87 గంటల తప్పుడు హెచ్చరికలు. వ్యవస్థ ఇచ్చే ప్రతి వంద హెచ్చరికల్లో దాదాపు తొంభై తొమ్మిది ఉత్తవే. స్టెఫాన్ ఆక్సెల్సన్ అనే స్వీడన్ పరిశోధకుడు ఈ గణితాన్ని చొరబాట్ల గుర్తింపుకు అన్వయించి చూపించి పాతికేళ్లు దాటింది. అయినా టెండర్ పత్రాల్లో కచ్చితత్వ శాతమే తప్ప ఈ లెక్క నాకు ఎప్పుడూ కనబడలేదు.

ఇందులో నన్ను మరీ కలవరపెట్టేది వేరే ఉంది. ఆ 87 గంటలు ఏడాది పొడవునా సమానంగా పరుచుకుని ఉండవు. అర్ధరాత్రి రెండు గంటలకు ఖాళీగా ఉన్న పోర్టల్‌ను చూసి ఏ మోడలూ పొరబడదు. అది పొరబడేది దాడిలా కనిపించే మామూలు నిమిషాల్లోనే, అంటే ఫలితాల రోజు, ఆప్షన్ల చివరి రోజు, రైల్వే తత్కాల్ తెరిచే ఉదయపు నిమిషాల్లో. జనానికి ఆ వెబ్‌సైట్‌తో ఏడాదిలో నిజంగా పని పడేది ఎప్పుడో, సరిగ్గా అప్పుడే తలుపు మూసుకుపోయే ప్రమాదం ఉంది. సగటున తీసిన శాతం ఈ సంగతిని పూర్తిగా కప్పిపుచ్చుతుంది.

రద్దీకీ దాడికీ మధ్య తేడా పట్టుకోలేమా అంటే, పట్టుకోవచ్చు. 2002లోనే దీని మీద మంచి పరిశోధన వచ్చింది. నిజమైన రద్దీలో సర్వర్ నెమ్మదించే కొద్దీ ఒక్కొక్క మనిషి పంపే రిక్వెస్టులు తగ్గుతాయని, యంత్రాల దాడిలో ఆ తగ్గుదల కనిపించదని, రద్దీలో వచ్చేవాళ్లలో చాలామంది అంతకు ముందు కూడా వచ్చిన నెట్‌వర్క్‌ల నుంచే వస్తారని అందులో తేల్చారు. అయితే ఆ సూత్రాలను తెచ్చి మన దగ్గర కళ్లు మూసుకుని పెట్టలేం. మన ఫలితాల పేజీకి ఏడాదికి ఒక్కసారే జనం వస్తారు కాబట్టి "ఇంతకు ముందు వచ్చినవాళ్లు" అన్న గుర్తు బలహీనపడుతుంది. పేజీ తెరుచుకోకపోతే మన పిల్లలు ఆగరు, రిఫ్రెష్ నొక్కుతూనే ఉంటారు, ఇంట్లో నాలుగు ఫోన్లుంటే నాలుగింటిలోనూ ప్రయత్నిస్తారు. నెట్ సెంటర్ యజమాని ఒకే కంప్యూటర్ నుంచి యాభై హాల్‌టికెట్ నంబర్లు వరసగా కొడతాడు. ఇంకోవైపు మనకే ఉన్న మంచి గుర్తులూ ఉన్నాయి. మనిషి హాల్‌టికెట్ నంబరు టైప్ చేయడానికి కొన్ని సెకన్లు పడుతుంది, మెమో తెరుచుకున్నాక కాసేపు చూస్తాడు, ప్రింట్ తీసుకుంటాడు, అక్కడితో వెళ్లిపోతాడు. ఈ నడకను మోడల్‌కు నేర్పాలంటే మన ట్రాఫిక్ చూపించాలి. 1998 నాటి అమెరికా ప్రయోగశాల ట్రాఫిక్ చూపిస్తే రాదు.

నేర్పినా ఒకసారితో సరిపోదు. 2023 ఆగస్టులో వెబ్ పేజీల రాకపోకలకు వాడే హెచ్‌టీటీపీ అనే పద్ధతి రెండో రూపంలోని చిన్న వెసులుబాటును ఆసరా చేసుకుని, రిక్వెస్టు పంపి మరుక్షణమే రద్దు చేసే కొత్త రకం దాడి మొదలైంది. గూగుల్ తన సేవల మీద సెకనుకు 39 కోట్ల 80 లక్షల రిక్వెస్టులు వచ్చినట్టు ప్రకటించింది. ఆ ముందు నెల దాకా ఏ డేటాసెట్‌లోనూ ఆ దాడికి ఉదాహరణ లేదు. కొనుగోలు ఒప్పందంలో మోడల్‌కు ఎన్నాళ్లకోసారి, ఎవరి డేటాతో, ఎవరు మళ్లీ శిక్షణ ఇస్తారో రాసుకోకపోతే, రెండేళ్లలో అది మూలన పడిన పెట్టె అవుతుంది.

నేను కోరేది అసాధ్యమైనదేమీ కాదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, డీడాస్ సహా సైబర్ ఘటనలను ఆరు గంటల్లోగా తెలియజేయాలి. అంటే ఫలితాల రోజు ట్రాఫిక్ చరిత్ర ఎక్కడో ఒకచోట ఇప్పటికే ఉంది. గడువు తీరగానే చెరిగిపోతోంది, అంతే. దాన్ని చెరిపేసే ముందు, అందులో ఎవరు ఏ పేజీ చూశారన్న వివరం తీసేసి, ఎన్ని ప్యాకెట్లు, ఎంత సేపు, ఏ విరామంతో అన్న కొలతలు మాత్రం ఉంచి, అడ్రస్‌లను గుప్తీకరణతో మార్చి భద్రపరచవచ్చు. ఒకే నెట్‌వర్క్‌కు చెందిన అడ్రస్‌లు మార్చాక కూడా ఒకే గుంపుగా మిగిలేలా చేసే పద్ధతులు ఇరవై ఏళ్లకు పైగా అందుబాటులో ఉన్నాయి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది కాబట్టి ఈ పనిని న్యాయ సలహాతో, పద్ధతి ప్రకారం చేయాలి. చట్టాన్ని సాకుగా చూపి అసలు చేయకపోవడం మాత్రం తగదు. ట్రిపుల్ ఐటీ, జేఎన్‌టీయూ, ఉస్మానియా, బ్యాంకింగ్ సాంకేతికత కోసమే మాసాబ్ ట్యాంక్‌లో నెలకొన్న ఐడీఆర్‌బీటీ, ఇన్ని సంస్థలున్న నగరంలో మన రద్దీని మనమే అధ్యయనం చేసే డేటా లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తోంది. ఆ డేటా ఉంటే, వైవాలో బెరుకుగా పట్టిక చూపించిన ఆ అమ్మాయి లాంటి పిల్లలు దేశానికి పనికొచ్చే పని చేస్తారు.

కొనుగోళ్ల విషయంలో నా విన్నపం మరింత సూటిగా ఉంటుంది. టెండర్‌లో కచ్చితత్వ శాతం అన్న పదాన్ని తీసేయండి. దాని బదులు, గత ఏడాది ఫలితాల రోజు నమోదైన ట్రాఫిక్‌ను పోటీదారుల వ్యవస్థల గుండా మళ్లీ నడిపించి, దాడి లేని ఆ గంటల్లో ఎవరి వ్యవస్థ ఎంతమందిని ఆపిందో లెక్కించండి. ఆ తర్వాత అదే ట్రాఫిక్‌లో కొంత దాడిని కలిపి, ఎంత పట్టుకుందో చూడండి. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే కంపెనీల ప్రకటనలు చదవనవసరం లేదు. అలాగే అనుమానం రాగానే అడ్రస్‌ను పూర్తిగా ఆపేసే అధికారం యంత్రానికి ఇవ్వకూడదు. అనుమానం తక్కువగా ఉంటే వరసలో నిలబెట్టవచ్చు, కొంచెం ఎక్కువైతే మనిషేనా అని చిన్న పరీక్ష పెట్టవచ్చు, పూర్తిగా ఆపడం అన్నది డ్యూటీలో ఉన్న ఇంజనీరు చూసి నొక్కే మీటగా ఉండాలి. మొబైల్ కంపెనీల ఉమ్మడి అడ్రస్‌ల జాబితాను ముందే తెప్పించుకుని, వాటికి పరిమితి వేరుగా పెట్టాలి. ఆపిన ప్రతి అడ్రస్‌కూ కారణం తెర మీద కనిపించాలి. ఆ సాయంత్రం మా తెర మీద కారణం కనిపించి ఉంటే నలభై నిమిషాలు పట్టేది కాదు, ఐదు నిమిషాలు చాలేవి.

ఒక్క మాట మన కాలనీ సంఘాల పెద్దలకు కూడా చెప్పాలి. 2016 అక్టోబరు 21న వెబ్‌సైట్ పేర్లకు అడ్రస్‌లు వెతికి చెప్పే డిన్ అనే సంస్థ మీద దాడి జరిగి అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల కొద్దీ అందకుండా పోయినప్పుడు, ఆ దాడి చేసిన మిరాయ్ బాట్‌నెట్‌లో, అంటే దొంగచాటుగా లొంగదీసుకున్న యంత్రాల దండులో, ఉన్నవి ఎక్కువగా సీసీ కెమెరాలు, వీడియో రికార్డర్లు, ఇళ్లలోని రూటర్లు. కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన వాటిని, సుమారు అరవై పేరు-పాస్‌వర్డ్ జంటల చిట్టాతో అది ఒక్కొక్కటిగా లొంగదీసుకుంది. "నేను సైతం" కార్యక్రమం పిలుపుతో మన నగరంలో వీధి వీధికీ కెమెరాలు వచ్చాయి, దాని వల్ల నేరాల దర్యాప్తుకు ఎంతో మేలు జరిగింది. వాటిని బిగించిన రోజు పెట్టిన పాస్‌వర్డ్ ఇంకా అదేనేమో ఒక్కసారి చూసుకోండి. మా అపార్ట్‌మెంట్‌లో నేను చూసినప్పుడు అదే ఉంది. ఆ సాయంత్రమే మార్చాం.

వచ్చే ఫలితాల కాలానికి ముందు, పైన చెప్పిన పరీక్షను ఒక్క పోర్టల్ మీదైనా చేసి చూడాలని సంబంధిత శాఖలను మీ పత్రిక ద్వారా అభ్యర్థిస్తున్నాను. పాత లాగ్‌లు ఉంటే ఇద్దరు ఇంజనీర్లకు వారం రోజుల పని అది. ఏ శాఖ పిలిచినా, జీతభత్యాల ప్రసక్తి లేకుండా, ఆ ఇద్దరిలో ఒకడిగా నేను వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత నెట్‌వర్క్ ఇంజనీరు,
మల్కాజిగిరి, హైదరాబాద్.